పప్పు ఉడకని నీళ్ళతో నీటిరంగులు

నా దగ్గరికి నీటిరంగులు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు రెండు రకాలు. కొత్తవాళ్ళు "నాకు రాదు" అంటూ వస్తారు. పాతవాళ్ళు "నాకు వచ్చేది, ఇప్పుడు రావడం లేదు" అంటూ వస్తారు. కొత్తవాళ్ళతో నాకు ఏ పేచీ లేదు. పాతవాళ్ళే కాగితం నాసిరకమనీ, కుంచె వెంట్రుకలు చీలిపోయాయనీ, ఇంట్లో వెలుతురు చాలదనీ చెబుతారు. నేను నవ్వు ఆపుకుని వింటాను. ఒకప్పుడు నేను కాగితంతో, కుంచెతో సరిపెట్టుకోలేదు. ఏకంగా ఒక ఊరి నీళ్ళ మీదే నేరం మోపాను.

నేను పెరిగింది వికారాబాదులో. మాది బొంరాస్‌పేట వైపు వ్యవసాయ కుటుంబం. పిల్లల చదువుల కోసం నాన్న వికారాబాదులో ఇల్లు తీసుకున్నాడు. పోలీసు చర్య అయిపోయి రెండు మూడేళ్ళు గడిచాయి. బళ్ళలో ఉర్దూ పోయి తెలుగు వస్తోంది. మా వీధిలోనే ఉండే డ్రాయింగు సారు అప్పటికి పని చాలించుకుని ఇంటిపట్టున ఉండేవారు. నేను ఇంటి గోడల నిండా బొగ్గుతో గీస్తుంటే విసిగిపోయి నాన్న నన్ను ఆయన దగ్గరికి తీసుకుపోయాడు.

"గోడలన్ని ఖరాబు చేస్తున్నది సార్. జర కాగితం మీద గీసుడు నేర్పుండ్రి" అన్నాడు.

సారు నా చేతులు చూశారు. మసి ఉందేమో అని చూశారనుకున్నాను. చెయ్యి చాచమని, ఎంతసేపు కదలకుండా ఉంచగలనో చూశారట. తర్వాత చెప్పారు.

మొదటి పాఠంలో బొమ్మ లేదు. అరచేయంత చతురస్రం గీసి, దాన్ని ఒకే రంగుతో, ఎక్కడా ఎక్కువ తక్కువ లేకుండా నింపాలి. అంతే. అదేం పని అనుకున్నాను. మూడు వారాలు పట్టింది. కాగితం అతికించిన చెక్కను ఒకవైపు చిన్న గిన్నె మీద ఎత్తి పెట్టాలి. కుంచె నిండా రంగు నీళ్ళు తీసుకుని పైన ఎడమ నుంచి కుడికి ఒక్క గీత లాగాలి. ఆ గీత కింది అంచున నీళ్ళు సన్నగా కట్ట కట్టి నిలబడతాయి. రెండో గీత ఆ కట్టను తాకి కిందికి దించాలి. అలా అడుగుదాకా దించుకుపోయి, చివర మిగిలిన నీళ్ళను పిండిన కుంచెతో పీల్చెయ్యాలి. మధ్యలో ఆగితే చార పడుతుంది. పైన ఏదో తేడా కనిపించిందని వెనక్కి వెళితే మరక పడుతుంది.

"సార్, చెట్టెప్పుడు ఏస్త?" అని రోజూ అడిగేదాన్ని.

"డబ్బ నింపుడు రానీ బిడ్డా. చెట్టు యాడికి పోదు" అనేవారు.

తర్వాత పైన చిక్కగా మొదలైన రంగు అడుక్కి వచ్చేసరికి ఏమీ లేకుండా పోవాలన్నారు. ఒక్కో గీతకు కుంచెను ఒకసారి నీళ్ళల్లో ముంచి కలుపుకుంటూ దించాలి. అది వచ్చాక జొన్న రొట్టె ఒకటి ముందు పెట్టి, ఒకే ఒక్క ఎర్రమట్టి రంగుతో వెయ్యమన్నారు. పలచన నుంచి చిక్కన దాకా ఐదు మెట్లు, అంతకు మించి వాడకూడదు. రొట్టె మీద అంటుకున్న పిండి తెల్లగా ఉంటుంది కదా, దానికి తెల్లరంగు ఇవ్వమంటే, "తెలుపు కాగితంల ఉన్నది. దాన్ని ముట్టకుండ ఇడిసిపెట్టు, అదే పిండయితది" అన్నారు. ఆ రొట్టె బొమ్మలు ముప్పై దాకా వేసి ఉంటాను. మా అమ్మ ఆఖరుకు రొట్టెలు ఇవ్వడం మానేసి, "తిన్నంక మిగిలితె ఇస్త" అనేది. మిగిలేవి కావు.

నాకు పొగరుండేదని ఒప్పుకుంటాను. ఇప్పటికీ ఉంది, దాని గురించి పెద్దగా బాధ లేదు. పద్దెనిమిదేళ్ళకు డ్రాయింగు లోయరు పరీక్షలో మొదటి తరగతి వచ్చింది. మా వీధిలో ఎవరింట్లో పెళ్ళయినా గోడమీద రాతలు, బొమ్మలు నావే. నా చెయ్యి నాతోపాటే పుట్టిందనీ, నాతోపాటే ఉంటుందనీ అనుకున్నాను.

పెళ్ళయి తాండూరు వచ్చాను. మా ఆయనది రైల్వేలో ఉద్యోగం, వారానికి రెండుసార్లు వికారాబాదు వెళ్ళి వచ్చే డ్యూటీ. ఇంట్లో మేమిద్దరం, మా అత్తమ్మ. ఇద్దరు పిల్లలు పుట్టారు. నాలుగేళ్ళ పాటు రంగుల పెట్టె బట్టల సందూకలోనే ఉండిపోయింది. అప్పుడు, అరవైల మొదట్లో, తాండూరు ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరు కావాలన్నారు. లోయరు పాసైన ఆడమనిషి ఊళ్ళో నేనొక్కదాన్నే కాబట్టి పిలిచి మరీ ఇచ్చారు. కానీ తాత్కాలికం. ఆ ఏడు వేసవిలోపు హయ్యరు పరీక్ష పాస్ కావాలి. పాసయితే ఉద్యోగం నాది. లేకపోతే జూన్‌లో ఇంకొకరు వస్తారు. హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ మర్యాదగానే, నా కళ్ళలోకి చూస్తూ ఆ మాట చెప్పింది.

నేను ఆ ఉద్యోగాన్ని ఎంతగా కోరుకున్నానో అప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో గడవక కాదు. పొద్దున పదింటికి ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో డ్రాయింగు చెక్క పట్టుకుని ఆ గేటు లోపలికి నడిచినప్పుడు నేను కోడల్నీ కాదు, ఎవరి అమ్మనూ కాదు. ఆ నడక నాకు కావలసి వచ్చింది.

పరీక్షలో మూడు పేపర్లు. రెండింటి గురించి భయం లేదు. మూడోది నీటిరంగుల్లో ముందు పెట్టిన వస్తువులు వెయ్యడం. ఒక ఆదివారం సందూక తెరిచి, కాగితాన్ని తడిపి మైదా జిగురుతో చెక్కకు అతికించి, నీలం రంగు కలిపి, వెనక తెరలాగా ఒక పూత వేశాను. ఎండాక చూస్తే అది పూతలా లేదు. అడ్డంగా చారలు, మధ్యలో గోబీ పువ్వులు విచ్చుకున్నట్టు మరకలు, అంతటా ఇసుక చల్లినట్టు సన్నటి గింజలు. ఇంకొకటి వేశాను. అదీ అంతే. నెల రోజుల్లో కాగితాలు దస్తాల కొద్దీ పాడు చేశాను.

నా చెయ్యి చెడిపోయిందా? నాకు ఆ ఆలోచనే రాలేదు. తాండూరు నీళ్ళే చెడ్డవని తేల్చాను.

ఇది పిచ్చి మాట కాదు. తాండూరంటే బండల ఊరు. తవ్వితే అడుగున కూడా బండే. ఆ రాళ్ళ మధ్య ఊరిన నీళ్ళతో బిందెలకు లోపల తెల్లగా పొర కట్టేది. ఊళ్ళో ఆడవాళ్ళు బావుల్ని పప్పుతోనే తూచేవాళ్ళు. పప్పు ఉడికే బావి, పప్పు ఉడకని బావి. మాకు దగ్గరున్నది ఉడకనిది. కందిపప్పుకు పేరు పడ్డ ఊళ్ళోనే ఆ కందిపప్పు పొయ్యి మీద ఒంటిగంట దాకా గట్టిగా ఉండిపోయేది. పప్పే ఉడకని నీళ్ళల్లో రంగు ఎట్లా కలుస్తుంది?

ఈ మాట ఇంట్లో అన్నాను. మా అత్తమ్మది సేడం వైపు, కన్నడం కలిసిన మాట. ఆమెకు కోపం వచ్చింది.

"బేడ, బేడ. గా మాటలొద్దు. నలభై ఏండ్ల సంది తాగుతున్న గీ నీళ్ళు. మీ ఊరి నీళ్ళల్ల ఏమన్న పాలు కలిపిన్రా?"

నేను తగ్గలేదు. మా ఆయన వికారాబాదు డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా మా పుట్టింటి బావి నీళ్ళు ఒక మూత డబ్బాలో తెమ్మన్నాను. పాపం, ఆయన తెచ్చేవాడు. ప్యాసింజరు బండిలో తోటివాళ్ళు వికారాబాదు పక్క గుట్టమీది స్వామి తీర్థమనుకుని, "అనంతగిరి తీర్థమా అన్నా, మాకు జర పొయ్యి" అని అరచేతులు చాపేవారట. మొదటి డబ్బా వచ్చిన రోజున అత్తమ్మ నాకు తెలియకుండా అందులోంచి చెంబెడు తీసి పప్పు వండింది. సగం సమయంలో మెత్తగా ఉడికిపోయింది. ఆమె గబగబా వడ్డించి వెనక్కి తిరిగింది. నేను మాత్రం ఆమెను పిలిచి రెండోసారి పప్పు అడిగి మరీ వేయించుకున్నాను.

బొమ్మ మాత్రం ఉడకలేదు. పుట్టింటి నీళ్ళతో వేసినా చారలు చారల్లాగే ఉన్నాయి, మరకలు మరకల్లాగే ఉన్నాయి. గింజలు కొంచెం తగ్గినట్టున్నాయని నాకు నేను చెప్పుకున్నాను. బండి కుదుపులకు నీళ్ళు పాడయ్యాయని కూడా ఒక రోజు అన్నాను. మా ఆయన నా వైపు చూసి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

పరీక్షకు రెండు నెలలుంది. పాడైన కాగితాలన్నీ చుట్టచుట్టి, సాక్ష్యంగా ఒక సీసా నిండా తాండూరు నీళ్ళు పట్టుకుని, ఆదివారం బండెక్కి వికారాబాదు వెళ్ళాను. సారుకు అప్పటికి డెబ్బై దాటింది. వేళ్ళు వణుకుతున్నాయి. నా కాగితాలు ఒక్కొక్కటీ కిటికీ వెలుతురులో పెట్టి చూశారు.

"ఏమైంది బిడ్డా?"

"నీళ్ళు ఖరాబున్నయ్ సార్. చూడుండ్రి, తెచ్చిన" అని సీసా బల్ల మీద పెట్టాను.

ఆయన ఆ నీళ్ళు సాసరులో పోశారు. నేను వెంట తెచ్చిన రంగుల పెట్టెలో నీలమే తీసుకున్నారు. చెక్కను వాల్చి పైన మొదటి గీత లాగారు. చెయ్యి వణుకుతూనే ఉంది, నీటి కట్ట మాత్రం తెగలేదు. ఆ వణుకు కట్టలో ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. రెండు నిమిషాల్లో జానెడు కాగితం మీద ఒక్క చార లేకుండా నీలం దిగింది. తడిగా మెరుస్తోంది.

"గీ నీళ్ళే కద?" అన్నారు.

నేను సీసా మూత గట్టిగా బిగించాను. చెవులు వేడెక్కాయి. ఏడుపు కాదు, కోపం. ఎవరి మీదో తెలియని కోపం.

"నువ్వు టీచరయినవ్ కద, పిల్లల బొమ్మలు దిద్దుడు అలవాటయింది. నీ బొమ్మ కూడ ఏస్తనే దిద్దుతున్నవ్. గిట్ల చూడు, ఈడ ఎనుకకు పోయినవ్. ఈడ మల్ల ముట్టినవ్." నా కాగితాల మీద ఒక్కో మరకనూ వేలితో చూపించారు. "ఇరవై రోజులు కాగితం ముట్టకు. రంగు ముట్టకు. మీ ఊరంత బండలే కద? ఉత్త నీళ్ళతోని బండ మీద ఎయ్యి. ఆరిపోయేలోపల బొమ్మ కావాలె. ఇగ పో, బండి టైమయితున్నది."

ఆ పూత ఆరనైనా లేదు, నన్ను గడప దాటించేశారు.

మా పెరట్లో నీలం కలిసిన బూడిద రంగు బండలు పరిచి ఉండేవి. మర్నాటి నుంచి బడికి వెళ్ళేముందు, వచ్చాక, చెంబు నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. తడి తగిలిన చోట బండ నల్లబడుతుంది. ఆ నలుపే బొమ్మ. పొద్దుటి ఎండలో ఒక చెంబు ఆకారం వేస్తుంటే మూతి దగ్గర మొదలుపెట్టి అడుక్కి వచ్చేసరికి మూతి ఆరిపోయి ఉండేది. దిద్దుదామని వెనక్కి చూస్తే దిద్దడానికి అక్కడ ఏమీ ఉండేది కాదు. మొదటి వారం చాలా విసుక్కున్నాను. కుంచె ఒకసారి గోడకేసి కొట్టాను, అది కూడా చెప్పాలి.

మా అత్తమ్మ గడపలో కూర్చుని కందులు చెరుగుతూ చూసేది.

"బండ కడుగుతున్నవా, బొమ్మ గీస్తున్నవా?"

"బొమ్మనే అత్తమ్మా. ఏం బొమ్మనో చెప్పు, చూస్త."

"ఏమో. గుమ్మడికాయనా?"

అది కోడి. అక్కడి నుంచి అది మా ఇద్దరికీ ఆటయింది. ఆరిపోయేలోపల ఆమె గుర్తుపడితే నేను గెలిచినట్టు. పదో రోజుకు "చెంబు!" అంది. పద్నాలుగో రోజుకు "పక్కింటామె" అంది, ముక్కు చూసి. ఆ రోజు ఇద్దరం పెరట్లో కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. ఆమె నాతో అట్లా నవ్వడం అదే మొదలు.

ఇరవై రోజులయ్యాక కాగితం తీశాను. మళ్ళీ చిన్నప్పటిలాగా చతురస్రాలు నింపడం. చారలు తగ్గాయి కానీ పోలేదు. ఒకరోజు ఇల్లు తడిగుడ్డతో తుడుస్తున్న అత్తమ్మ ఆగి, నా చెక్క మీదికి వంగి చూసింది.

"నడుమ ఎనుకకెందుకు పోయినవ్? నేనెప్పుడన్న పోతనా? తుడుసుకుంట గడప దాకా వచ్చినంక లోపట మచ్చ కనవడ్డా పోను. పోతె అడుగులు పడ్తయ్. ఆరినంక చూసుకోవాలె."

సారు చెప్పిందీ ఇదే. కానీ రోజూ నా కళ్ళ ముందు గడప దాకా జరుగుతూ ఇల్లంతా తుడిచే మనిషి చెప్పేసరికి అది నా ఒంటికి ఎక్కింది. మర్నాడు పూత వేస్తూ నా ఎడమ చేతిని నా తొడ కింద పెట్టుకున్నాను, కుడిచెయ్యి వెనక్కి పోకుండా కాపలా ఉన్నట్టు. హాస్యంగా ఉంది కానీ పనిచేసింది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్ళకు కూడా అట్లా కూర్చోమనే చెబుతాను.

పరీక్షకు వారం ముందు కొత్త కాగితాలు పట్టుకుని మళ్ళీ వికారాబాదు వెళ్ళాను. చారల్లేవు, మరకల్లేవు. సన్నటి గింజలు మాత్రం అక్కడక్కడా ఉన్నాయి. సారు లోపలికి వెళ్ళి ఏదో వెతుకుతుంటే, బల్ల మీద అట్టల మధ్యనుంచి జానెడు నీలం కాగితం ఒకటి జారింది. చారలు లేని పూత. ఆ రోజు నా ఎదుట వేసిందే. ఆరిపోయాక దాని నిండా ఇసుక చల్లినట్టు గింజలు.

నేను దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆయన వచ్చి చూశారు. దాచలేదు.

"నీళ్ళు ఖరాబే బిడ్డా. నువ్వు చెప్పింది నిజమే."

"మరి ఆ రోజెందుకు చెప్పలే సార్? ఆరకముందె నన్నెందుకు ఎల్లగొట్టిన్రు?" నా గొంతు లేచింది. ఆయన ముందు నేను గొంతెత్తడం అదే మొదటిసారి, అదే ఆఖరు.

"గింజలు నీళ్ళయి. చారలు నీయి. నీళ్ళు ఖరాబున్నయని నేనంటె, నీ చారలు కూడ నీళ్ళకే అంటగట్టుదువు. పరీక్షల యాడి నీళ్ళు పెడ్తరో నీకెరుకనా?"

ఆ కాగితం బల్ల మీద పెట్టి బండికి బయల్దేరాను. తిరుగు బండిలో కోపం తాండూరు దాకా సరిపోలేదు, సగం దారిలోనే అయిపోయింది. నా మాటా నిజమే, ఆయన మాటా నిజమే. రెండిట్లో నేను మార్చగలిగింది ఒక్కటే. డబ్బా నీళ్ళు తేవడం ఇక చాలని ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన ముఖంలో కనిపించిన సంతోషం మా పెళ్ళినాడు కూడా చూడలేదు. అత్తమ్మ మాత్రం పప్పుకోసం తెమ్మంది.

పరీక్ష హైదరాబాదులో, ఒక బడి హాల్లో. ముందు రాగి చెంబు, రెండు నిమ్మకాయలు, వెనక నీలం గుడ్డ పెట్టారు. నీళ్ళు ఒక డ్రమ్ములోంచి ముంచి అందరికీ తలా ఒక డబ్బా ఇచ్చారు. అడుగున తుప్పు కనిపిస్తోంది. అందులో పప్పు ఉడుకుతుందో ఉడకదో నేను ఆలోచించలేదు. గీత గీసి, నిమ్మకాయల మీద వెలుగు చోట కాగితాన్ని అలాగే వదిలి, వెనక నీలం మొదలుపెట్టాను. కట్ట తెగలేదు. అడుగుదాకా దించి, చివరి నీళ్ళు పీల్చేశాను. ఆ హాల్లో అంత మంచి పూత ఇంకెవరిదీ లేదని నాకు తెలుసు.

సరిగ్గా అప్పుడు ముందు వరసలో ఒకాయన కుంచె విదిలించాడు. చుక్క వచ్చి నా తడి నీలం మధ్యలో పడింది. చూస్తుండగానే చుట్టూ విచ్చుకోవడం మొదలుపెట్టింది. నా చెయ్యి అప్పటికే లేచింది. ఒక్క అద్దుడు అద్దితే పోతుందని ఒళ్ళంతా చెబుతోంది. నాలుగు నెలల కిందటయితే అద్దేదాన్ని, తర్వాత అద్దిన చోటును దిద్దేదాన్ని, దిద్దిన చోటును మళ్ళీ దిద్దేదాన్ని, గంట తిరిగేసరికి నా ఉద్యోగం ఆ నీలంలో కలిసిపోయేది.

అటు తిరుగుతున్న పర్యవేక్షకుడు ఆగాడు. "చుక్క పడ్డదమ్మా, చూసుకోలేదా?"

"చూసిన సార్. పడనియ్యండి" అన్నాను.

కుంచె కింద పెట్టేశాను. పావుగంట ఏమీ చెయ్యకుండా కూర్చున్నాను. అందరి కుంచెలూ కదులుతున్నాయి. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకొకటి చెయ్యలేదు, పిల్లల్ని కనడం కూడా అంత కష్టం కాలేదు. ఆరాక చెంబు వేశాను, నిమ్మకాయలు వేశాను. చుక్క చుక్కలాగే ఉంది.

జూన్‌లో బడి తెరిచిన రోజున హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ పిలిచింది. బల్లమీద హాజరు పుస్తకం తెరిచి ఉంది. నా పేరు పక్కన ఎర్రసిరాతో రాసిన 'తాత్కాలికం' అన్న మాట అట్లాగే ఉంది. ఇక ఇంటికే అనుకున్నాను.

ఆమె పరీక్ష ఫలితాల కాగితం నా వైపు తిప్పింది. తర్వాత తన కలం నా చేతికిచ్చింది.

"ఆ మాట మీరే కొట్టెయ్యండి. డ్రాయింగు టీచరు కద, గీత సక్కగ వస్తది" అంది.

కొట్టాను. ఆ గీత వాలిపోయి కిందివాళ్ళ పేరు మీదికి పోయింది. నేను గీసిన గీతలన్నిట్లోకీ వంకర గీత అదే.